అమ్మవారు పీల్చిన పొగ

విజయనగరం నుంచి రాజాం వెళ్ళే పొద్దుటి బస్సులో అనంతకృష్ణకి సీటు దొరికినా దొరక్కపోయినా, అతని ఫ్యానుకి మాత్రం దొరికేది. అది ఇళ్ళల్లో తిరిగే ఫ్యాను కాదు. బండి చక్రమంత గుండ్రటి డబ్బా, దానికో పిడి, పక్కన ఎర్రటి నైలాను గుడ్డ చుట్ట, అల్యూమినియం కడ్డీల కట్ట. ఈ సరంజామా అంతా సీటెక్కి కూర్చుంటే పెళ్ళికెళ్తున్న లావుపాటి మేనమామలా ఉండేది. ఓసారి దానికి అర టిక్కెట్టు కొట్టాలా, నిండు టిక్కెట్టు కొట్టాలా అని కండక్టరు తటపటాయిస్తుంటే వెనక సీట్లోని ముసలమ్మ తీర్పు చెప్పేసింది.

"కూకుందా లేదా? కూకున్నోళ్ళందరికీ నిండు టిక్కెట్టే."

కండక్టరు నిండు టిక్కెట్టు కొట్టాక ఆవిడే అడిగింది. "ఇంతకీ నువ్వు సేసే పనేటి నాయనా?"

"గదుల్లోంచి గాలి ఎక్కడ కారిపోతందో సూస్తానమ్మా."

"నీళ్ళు కారితే సూస్తారు గాని, గాలి కారితే ఏటైపోద్ది?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ అనంతకృష్ణ నోరు అరిగిపోయింది. గది తలుపు తీసేసి, ఆ ద్వారానికి ఎర్రగుడ్డ బిగించి, గుడ్డ మధ్యలో ఫ్యాను పెట్టి గదిలోకి గాలి కొడతాడు. గది బెలూనులా బిగుస్తుంది. ఎక్కడైనా కన్నం ఉంటే గాలి అక్కడినుంచి పారిపోతుంది. ఎంత పోతోందో మీటరు చెబుతుంది. ఎక్కడ పోతోందో పొగ చెబుతుంది. పొగ సీసా పట్టుకుని గోడల వెంబడి నడిస్తే, కన్నం దగ్గర పొగ తోక తిప్పుకుని దూరిపోతుంది. శ్రీకాకుళంలో ఆపరేషను గదులకీ, గరివిడిలో కంప్యూటర్లు పెట్టిన గదులకీ అతను ఇలాగే ఊపిరి పరీక్ష చేసి వచ్చాడు. భోగాపురం దగ్గర ఒక కొత్త గిడ్డంగిలో ఫ్యాను తిరగేసి వేస్తే సముద్రం నాలుగడుగులు ముందుకొచ్చిందనీ, జాలర్లు వచ్చి బతిమాలితే మళ్ళీ తిన్నగా వేసి వెనక్కి పంపాడనీ కూడా చెప్పుకుంటారు. అందులో సగం నమ్మితే చాలు. ఏ సగమో ఎవరిష్టం వారిది.

ఇంత చేసినా ఇంట్లో మాత్రం అతనికి పరువు లేదు. తండ్రి అప్పలనరసింహం గుడి సన్నాయి. ముత్తాత ఊదితే పొరుగూరి దీపాలు కొండెక్కేవట, తాత ఊదితే అవే దీపాలు మళ్ళీ వెలిగేవట. అలాంటి వంశంలో పుట్టినవాడు ఫ్యాను మోసుకు తిరగడం ఆయనకి మింగుడుపడలేదు.

"మా తాత గాలి ఊదాడు, మా నాన్న ఊదాడు, నేను ఊదతన్నాను," అనేవాడు, నలుగురూ ఉన్నప్పుడు చూసి మరీ. "మావోడు మాత్రం ఎవడో ఊదీసిన గాలి ఎటెల్లిపోయిందో ఎతుక్కుంటన్నాడు."

రాజాంలో రంగనాథం గారి గది ఈ ఎగతాళికి నెయ్యి పోసింది. రంగనాథం మూడు తరాల అరటిపళ్ళ వ్యాపారి. పూర్వం వాళ్ళ తాతలు గెలల్ని మట్టిగదిలో పెట్టి, పొగ వేసి, తలుపు సందులకి పేడ మెత్తి మగ్గబెట్టేవారు. ఈయన దాని బదులు ఇంటి పక్కన, వంటింటి గోడకి ఆనించి, వీధి వైపు తలుపుతో కొత్త రకం గది కట్టించాడు. గెలలు పెట్టి, తలుపు మూసి, పళ్ళు మగ్గే గ్యాసు వదిలితే నాలుగు రోజుల్లో అన్నీ ఒకేసారి పసుపురంగు తిరుగుతాయి. గది గ్యాసుని పట్టి ఉంచితేనే. అది పట్టి ఉంచడం లేదు. అనంతకృష్ణ రెండుసార్లు వచ్చి చూశాడు. మొదటిసారి తలుపు రబ్బరు మార్పించాడు, రెండోసారి పైపుల చుట్టూ పూత పూయించాడు. అయినా గాలి పోతూనే ఉంది. ఎటు పోతోందో ఆ గదికీ దేవుడికీ తెలియాలి.

ఇక మూడోసారి, ప్రారంభోత్సవం రోజునే పరీక్ష. మంగళవాయిద్యానికి రంగనాథం పిలిచింది ఎవరినో కాదు, అప్పలనరసింహాన్నే. ఆ కబురు వచ్చిన సాయంత్రం తండ్రి మేళంవాళ్ళందరి ముందూ పందెం వేశాడు.

"ఒరే కిష్ణా, ఈసారైనా ఆ గాలి పట్టుకున్నావా, సరే. పట్టలేదనుకో, ఆ ఫ్యాను పాతిసామానోడికిచ్చీసి, నా ఎనకాల కూకుని సుతిపెట్టె నొక్కు."

డోలు గంగులు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి ఒళ్ళు మండి అనంతకృష్ణ, "అలాగే నాన్నా, నొక్కుతాను," అనేశాడు. అన్నాక రాత్రంతా నిద్ర లేదు. శ్రుతిపెట్టె మీద అతనికేమీ కోపం లేదు. కాని మూసుకున్న గదిలో ఆఖరి కన్నం పూడ్చాక మీటరు మీద అంకె జర్రున దిగుతుందే, ఆ క్షణం కోసం అతను బస్సుల్లో ఎంత దూరమైనా నిలబడి వెళ్ళగలడు. అది పోతుందేమో అన్నదే అతని భయం.

రాజాంలో దిగేసరికి రంగనాథం వీధి పందిరితో, మైకుతో కళకళలాడుతోంది. పచ్చి గెలల లారీ గుమ్మంలో నిలబడి ఉంది. రంగనాథం కొత్త పంచె జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు.

"వచ్చీసినావా బాబూ. ఈ వారం పెళ్ళిళ్ళన్నిటికీ పళ్ళు మనవేనని మాటిచ్చీసినాను. తాంబూలంలో పచ్చికాయ పెట్టినారనుకో, నా మొహం మీదే ఇసురుతారు."

"ఈసారి ఇడిసిపెట్టనండి."

"పట్టు మరి, ముహూర్తం దాటకుండా."

పందిట్లో అప్పలనరసింహం అప్పటికే సన్నాయి అందుకున్నాడు. కొడుకు ఫ్యాను మోసుకుపోతుంటే పాట ఆపకుండానే ఒక్క కనుబొమ్మ ఎగరేశాడు. గంగులు అందుకు తగ్గట్టు డోలు మీద ఒక దెబ్బ వేశాడు.

అనంతకృష్ణ ద్వారానికి ఎర్రగుడ్డ బిగించాడు. గదిలో అతనూ రంగనాథమూ. బయట జనం, గుడ్డలో చూడ్డానికి అతికించిన ప్లాస్టిక్ కిటికీకి ముక్కులు ఆనించి. ఫ్యాను గదిలోకి గాలి కొట్టింది. గుడ్డ తెరచాపలా బిర్రబిగిసింది. మీటరు చూశాడు. దిగాల్సిన అంకె దిగలేదు.

పొగ సీసా తీశాడు. తలుపు చుట్టూ చూశాడు, బాగుంది. పైపులు, బాగున్నాయి. మూలలు, కప్పు, దీపం వైరు, అన్నీ బుద్ధిగా ఉన్నాయి. మిగిలింది వంటింటి వైపు గోడ. ఆ గోడ మీద లక్ష్మీదేవి పటం ఉంది. తలుపంతది కాకపోయినా తలుపుకి చెల్లెలంతది. రంగనాథం తల్లి కమలాదేవి, గోడలు లేచిన రోజునే, కప్పు కూడా పడకముందే, తన చేత్తో పెట్టించింది. ఆ ఇంట్లో పటం లేకుండా గిడ్డంగిలోకి గింజ కూడా పోదు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. వెనకటి రెండుసార్లూ అనంతకృష్ణ పటం దాకా వచ్చి, సీసాకి మూత పెట్టి, పటం దాటాక మళ్ళీ తీసేవాడు. ఆ సీసాలోది మందు పొగ, తుప్పుపట్టిన తాళంచెవి కాల్చినట్టు కంపు. గుడి మేళం ఇంట పుట్టినవాడు ఆ కంపు అమ్మవారి ముఖాన ఎలా ఊదుతాడు? ఊదకూడదని ఎవరూ చెప్పలేదు. ఊదొచ్చనే ఆలోచనే రాలేదు. ఈసారీ చెయ్యి దానంతటదే మూత వైపు పోయింది. అంతలో సీసాయే తుస్సుమని ఊరుకుంది. పొగ అయిపోయింది.

గుడ్డ అవతలనుంచి సన్నాయి ఆగింది. ప్లాస్టిక్ కిటికీలో తండ్రి ముఖం వెలిసింది.

"దొరికిందేటిరా?"

"ఎతుకుతన్నాను నాన్నా."

"ఎతుకు ఎతుకు. సుతిపెట్టె తుడిచి పెట్టించినాను."

ముఖం మాయమై మళ్ళీ పాట మొదలైంది, ఇందాకటికంటే హుషారుగా.

"అగరొత్తులున్నాయాండి?" అని అడిగాడు అనంతకృష్ణ.

రంగనాథం గుప్పెడు తీసి, వెలిగించి ఇచ్చాడు. అగరొత్తి చేతికి రాగానే అనంతకృష్ణకి ఏ అడ్డూ కనబడలేదు. ధూపం అమ్మవారికి ఇవ్వాల్సిందే కదా. తిన్నగా పటం ముందుకెళ్ళి పట్టాడు.

పొగ పైకి లేవలేదు. పక్కకి పోలేదు. తాడు కట్టి లాగినట్టు తిన్నగా అమ్మవారి వైపు నడిచి, దండ కిందనుంచి వంగి, పటం అంచులో దూరి మాయమైపోయింది.

అనంతకృష్ణకి కన్నం దొరికింది. నోరు తెరిచి ఆ మాట చెప్పేలోగా పక్కనుంచి దభీమని చప్పుడైంది. రంగనాథం సాష్టాంగపడిపోయాడు.

"పుచ్చుకున్నాది," అన్నాడు నేలమీదనుంచే. "అమ్మ ధూపం పుచ్చుకున్నాది."

ప్లాస్టిక్ కిటికీ దగ్గరున్న ముక్కులన్నీ ఆ మాట వెనక్కి అందించాయి. కబురు పందిరి దాటింది, వీధి దాటింది, మార్కెట్టు దాటింది. పాలకొండ రోడ్డులో బస్సు దిగినవాళ్ళు దిగినట్టే ఇటు తిరిగారు. చూస్తుండగా కొబ్బరికాయలొచ్చాయి, నిమ్మకాయల దండలొచ్చాయి. ఎవరో అమ్మవారు అగరొత్తిని మండుతుండగానే నమిలేసిందన్నారు. ఇంకెవరో మూడు కట్టలు నమిలి నాలుగో కట్ట అడిగిందన్నారు.

"ఒక్కసారి ఫ్యాను ఆపు బాబూ, జనం దండం పెట్టుకుంటారు," అన్నాడు రంగనాథం లేచి.

ఆపాడు. గుడ్డ ఒక పక్క ఊడదీసి నలుగురినీ లోపలికి వదిలారు. పొగ మామూలుగా, ఏమీ ఎరగనట్టు పైకి పోయింది. జనం ముఖాలు చిన్నబోయాయి. మళ్ళీ గుడ్డ కట్టి ఫ్యాను వేశాడు. పొగ మళ్ళీ పటంలోకి నడిచింది.

దాంతో సంగతి అందరికీ అర్థమైపోయింది, అర్థం కాకూడని పద్ధతిలో.

"ఈ బాబు సేత్తో ఇస్తేనే పుచ్చుకుంటన్నాది," అంది ఒక పెద్దావిడ, ఫ్యాను ఆపి బయటికొచ్చిన అనంతకృష్ణ కాళ్ళమీద పడబోతూ. "నాయనా, మా ఇంట్లో దేవుళ్ళు ఏ ధూపానికీ కదలరు. ఓసారి నీ ఫ్యాను అట్టుకుని రా."

"మా సత్యన్నారాయణ వ్రతానికి కూడా," అన్నారు ఇంకెవరో.

ఎర్రగుడ్డకి ఎవరో బొట్టు పెట్టారు. ఫ్యాను మెడలో నిమ్మకాయల దండ పడింది. అనంతకృష్ణకి నవ్వూ వచ్చింది, చెమటా పట్టింది. కన్నం దొరికిందని చెబితే ఇంతమంది ముందు అమ్మవారిని అబద్ధం చేసినట్టు. చెప్పకపోతే గాలి దొరకనట్టే, శ్రుతిపెట్టె ఒళ్ళో పడ్డట్టే.

అప్పలనరసింహం సన్నాయి చంకలో పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి కొడుకు చెవి దగ్గర వంగాడు.

"ఒరే, ముహూర్తం ముంచుకొచ్చీస్తన్నాది. నీకు దొరికింది గాలా, అమ్మా? ఏదో ఒకటి తేల్చి సెప్పు."

అనంతకృష్ణ ఒక్క నిమిషం ఆలోచించాడు. చెప్పలేని మాటని ఫ్యాను చేతనే చెప్పిస్తే సరి. మళ్ళీ లోపలికెళ్ళి గుడ్డ బిగించి, ఫ్యానుని తిరగేసి పెట్టాడు. ఇందాక బయటి గాలి లోపలికి కొట్టింది, ఇప్పుడు లోపలి గాలి బయటికి లాగుతుంది. కన్నంలోంచి పోయిన గాలి కన్నంలోంచే తిరిగి రావాలి. వచ్చినప్పుడు అమ్మవారే ఆ గాలి ఎక్కడిదో చూపిస్తుందిలే అనుకుని మీట నొక్కాడు.

అవతల వంటింట్లో సరిగ్గా అప్పుడే కమలాదేవి పులిహోరకి పోపు పెడుతోంది. ఊరందరికీ సరిపడా పోపు. మూకుడులో నూనె సలసల మరుగుతుంటే ఆవిడ చేటెడు ఎండుమిరపకాయలు అందులో వేసింది.

ముందు పటం మీది దండ లేచి నిలబడింది. జనం చేతులెత్తారు. తరవాత పటం గోడనుంచి బెత్తెడు ముందుకొచ్చి ఊగింది. జనం చేతులు ఇంకా పైకెత్తారు. ఆ తరవాత పటం వెనకనుంచి మిరపకాయల ఘాటు బుస్సుమని వచ్చి, గదంతా ఒక్క చుట్టు చుట్టి, ఫ్యానులోంచి దూసుకెళ్ళి, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్న భక్తుల ముఖాల మీద పడింది.

వీధి వీధంతా తుమ్మింది.

మామూలు తుమ్ములు కావవి. లారీలో గెలలు కదిలాయి. రంగనాథం పంచె, ఇంతసేపూ పట్టుకున్నది, ఆ ఒక్క తుమ్ముకీ చేజారింది. గంగులు తుమ్మి డోలు మీద బోర్లాపడితే డోలు ఆదితాళం ఒక ఆవర్తం దానంతటదే వాయించింది. అప్పలనరసింహానికి సన్నాయి నోట్లో ఉండగా వచ్చింది తుమ్ము. ఆ సన్నాయిలోంచి అప్పుడు పలికిన స్వరం ఏడింటిలోనూ లేదు, ఇప్పటికీ దానికి పేరు పెట్టలేదు. చీపురుపల్లి స్టేషనులో ఆగిన రైలు, గార్డు ఈల వేశాడనుకుని బయలుదేరిపోయిందట.

ఈ గందరగోళంలో కమలాదేవి అట్లకాడతో సహా వచ్చింది.

"నా పోపు ఘాటంతా ఎవర్రా లాగీసినారు? మిరపకాయలు ఏపితే ఇంట్లో ఒక్కరు తుమ్మలేదు, ఈదిలో అందరూ తుమ్ముతన్నారు."

అనంతకృష్ణ ఫ్యాను ఆపాడు. చెప్పులు ఎలాగూ లేవు, చేతులు కూడా తుడుచుకుని, కళ్ళకద్దుకుని, పటాన్ని మెల్లగా దించాడు. గోడలో కొబ్బరికాయ పట్టేంత కన్నం. అందులోంచి చూస్తే అవతల వంటింట్లో ఊరగాయ జాడీలు, వాటి మీద కట్టిన గుడ్డలతో సహా కనబడ్డాయి.

"ఈ కన్నం ఎవడు పెట్టినాడు?" అన్నాడు రంగనాథం పంచె బిగించుకుంటూ. "ఆ మేస్త్రీ నూకయ్యని పిలవండి."

"నూకయ్యనెందుకు పిలవడం, నేనే పెట్టించినాను," అంది కమలాదేవి.

"నువ్వా అమ్మా?"

"మరేటి. కిటికీ వద్దంటివి, గూడు వద్దంటివి, సీమ దూరే సందు కూడా వద్దంటివి. అలాటి గదిలో అమ్మని పెడితే ఊపిరెలా తీస్తాది? మీరందరూ బోజనాలకెల్లినప్పుడు నూకయ్య సేత సిన్న కన్నం పెట్టించి, ముందు పటం పెట్టీసినాను."

రంగనాథం ముఖం చూసి జనం ముసిముసిగా నవ్వారు. "అయితే ఇందాక అమ్మ ధూపం పుచ్చుకోలేదన్నమాట," అన్నాడు నీరసంగా.

"ఎందుకు పుచ్చుకోలేదు? అమ్మ ఊపిరి తీసుకోవాలనే కదా కన్నం పెట్టించినాను. తీసుకున్నాది. ఇందులో అబద్దం ఏటున్నాది?"

చేతులెత్తినవాళ్ళు ఆ చేతులతోనే మరోసారి దండం పెట్టుకుని దించుకున్నారు. ఇక మిగిలింది కన్నం పూడ్చడం. ఆ మాట ఎత్తగానే కమలాదేవి అట్లకాడ అడ్డం పెట్టింది. అమ్మ ఊపిరి ఆపడానికి వీల్లేదంది.

అప్పుడు అనంతకృష్ణ ఆవిడ దగ్గరకెళ్ళి మెల్లగా చెప్పాడు. "అమ్మమ్మా, ఒక్క మాట. ఈ గదిలో నాలుగు రోజులు వదిలేది గాలి కాదు, పళ్ళు మగ్గే గ్యాసు. కాయ పచ్చగా ఎల్లి పసుపుగా వస్తాది. అమ్మని కూడా అందులోనే పెడితే, అమ్మ మొహమ్మీది పసుపు సంగతి సరే, సేతిలో తామరపువ్వు మగ్గిపోదా?"

కమలాదేవి పటం వైపు చూసింది. తామరపువ్వు వైపు చూసింది. పెళ్ళినాటినుంచి మగ్గిన గెలలు చూసిన మనిషి, గ్యాసు సంగతి ఎంతో కొంత ఎరుగును.

"ముందే సెప్పొచ్చు కదరా," అని పటాన్ని తనే ఎత్తుకుని, గాలి బాగా వీచే వీధి గుమ్మం మీద పెట్టించింది. తరవాత వంటింట్లోకెళ్ళి, గారెలకి రుబ్బిన మినప్పిండి పెద్ద ముద్ద తెచ్చి తన వైపునుంచి కన్నంలో కూరింది. ఇటునుంచి అనంతకృష్ణ ఇటుకముక్క పెట్టి, రబ్బరు పూత పూశాడు.

ఫ్యాను వేశాడు. మీటరు మీద అంకె కాసేపు మొండికేసి, చటుక్కున జర్రుమని కిందికి దిగింది. అనంతకృష్ణ దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. నవ్వు చెవులదాకా పాకింది.

"దొరికింది నాన్నా," అన్నాడు.

అప్పలనరసింహం ముక్కు తుడుచుకున్నాడు. "ఆ మీటరు నీది, అంకె నీది. నాకు నమ్మకమేటి? ఇన్నేళ్ళలో నా పాటని ఆపిన గోడ ఎక్కడా లేదు. ఈ గదిలో కూకుని ఊదతాను. ఒక్క ముక్క బయటికి రాకపోతే అప్పుడు సూద్దాం."

ఫ్యానూ గుడ్డా తీసేసి అసలు తలుపు పెట్టారు. ఆయన లోపలికెళ్ళి కూర్చున్నాడు. తలుపు మూశారు.

లోపల ఏం జరిగిందో ఆయన తరవాత ఎన్నోసార్లు చెప్పాడు. మోహన రాగం ఎత్తుకున్నాడట, తన తండ్రి కూడా అంత బాగా ఊదలేదట, ఊదుతూ తనకే కళ్ళనీళ్ళు వచ్చాయట. బయట మాత్రం ఏమీ వినబడలేదు. జనం పులిహోర బాగుందనుకున్నారు. గంగులు డోలు తాళ్ళు బిగించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. అప్పలనరసింహం చెమటతో తడిసిపోయి, వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చి నిలబడ్డాడు, శభాష్ కోసం.

రంగనాథం గాభరాగా దగ్గరకొచ్చాడు. "ఇంకా మొదలెట్టలేదేటి నరసింహంగారూ? ముహూర్తం దాటిపోతన్నాది."

అప్పలనరసింహం కొడుకు వైపు చూశాడు. కొడుకు నేల వైపు చూశాడు, నవ్వు దాచుకోవడానికి.

"ఆ ఫ్యాను నువ్వే ఉంచుకో," అన్నాడు తండ్రి చివరికి. "నువ్వు నా ఎనకాల కూకుంటే నా పాట ఇంకెవరికీ ఇనబడదు." అంటూనే ఫ్యాను మెడలో వాడిపోతున్న నిమ్మకాయల దండని సరిచేసి వెళ్ళాడు.

ముహూర్తానికి గెలలు లోపలికెళ్ళాయి. నాలుగు రోజులు తలుపు కదలలేదు. అయిదో రోజున తెరవడానికి అందరూ మళ్ళీ చేరారు. అనంతకృష్ణ ఫ్యానుతో సహా వచ్చాడు, నిండు టిక్కెట్టు మీద. రంగనాథం అమ్మవారికి దండం పెట్టి తలుపు లాగాడు.

ముందు వాసన వచ్చింది. వెనక గెలలు కనిపించాయి, ఒక్క కాయ పచ్చది లేకుండా, అన్నీ పసుపే. ఆ పసుపు వెనకనుంచి, గదిలో ఇన్నాళ్ళూ దారి లేక చిక్కుకున్న సన్నాయి మోహనరాగం మెత్తగా, కొంచెం అరటిపండు తీపి పట్టి, వీధిలోకి నడిచొచ్చింది. పాట గుమ్మం దాటి, పటం కింద ఒక్క క్షణం ఆగి, పాలకొండ రోడ్డు వైపు తిరిగి వెళ్ళిపోయింది.

"శభాష్," అన్నాడు రంగనాథం.

"అదీ," అన్నాడు అప్పలనరసింహం. "ఆ మాటకి నాలుగు రోజులు పట్టింది."

పాట దారిలో ఎక్కడ తప్పిపోతుందోనని, గంగులు డోలు అందుకుని ముక్తాయింపు వేశాడు.